పాత సామాన్లలో దొరికిన చైనా పింగాణీ: అసలుదో కాదో ఎలా పట్టుకోవాలి?

ఓరుగల్లు 76

అందరికీ నమస్తే. మొన్న ఆదివారం ఇత్తడి బిందె కోసం వరంగల్ మండి బజార్ వైపు ఒక పాత సామాన్ల కొట్టుకు వెళ్లాను. స్టీలు గిన్నెల కుప్ప కింద నీలం, తెలుపు పింగాణీ గిన్నె ఒకటి కనిపించింది. 150 రూపాయలిచ్చి తెచ్చుకున్నాను. జానెడు కంటే కొంచెం తక్కువ వెడల్పు, బయట తామర తీగలు, లోపల అడుగున ఒకే పువ్వు. బోర్లిస్తే నీలం గీతతో రెండు వలయాలు, మధ్యలో ఆరు చైనా అక్షరాలు. ఇంట్లో ఉప్పు పోసుకుందామంటున్నారు, నాకు మనసొప్పడం లేదు. ఇలాంటివి చూసినవాళ్లు దయచేసి చెప్పండి.

నిర్మల్ బొమ్మ

అన్నా, ముందు దాన్ని తోమకండి. మా అమ్మమ్మ ఇంట్లో ఎరుపు, ఆకుపచ్చ పూలు, అంచున బంగారు గీత ఉన్న పళ్లెం ఉండేది. పండక్కి మెరిసిపోవాలని చింతపండు, పీచు వేసి నేనే తోమాను. సగం బంగారం పోయింది. ఇప్పటికీ బాధే. నీలం రంగు కోబాల్ట్, గ్లేజు (పైనుండే గాజు లాంటి పూత) కింద ఉంటుంది కాబట్టి తోమినా పోదు. ఎరుపు, పచ్చ, బంగారం మాత్రం గ్లేజు మీద వేసి తక్కువ వేడిలో మళ్లీ కాలుస్తారు. వేలితో తడిమితే కాస్త ఉబ్బెత్తుగా తగులుతాయి, అరిగిపోతాయి కూడా. గోరువెచ్చని నీళ్లు, మెత్తటి గుడ్డ చాలు. రంగులున్న పాత గిన్నెల్లో పులుసు, పచ్చడి లాంటివి అసలు పెట్టకండి, ఆ రంగుల్లో సీసం ఉండొచ్చు.

మానేరు పింగాణీ

పన్నెండేళ్లుగా హైదరాబాద్ జుమ్మెరాత్ బజార్, ఎర్రగడ్డ సండే మార్కెట్ తిరుగుతున్నాను. నేను నేర్చుకున్న మొదటి సంగతి ఇది: బొమ్మ చూసి మురిసిపోయేముందు బోర్లించి చూడాలి. అడుగున కుదురులా ఉండే రింగు అంచుకు గ్లేజు ఉండదు. ఉంటే బట్టీలో కరిగి కింద అతుక్కుపోతుంది, అందుకే తుడిచేస్తారు. పాత చైనా వాటిలో చాలాసార్లు గ్లేజు ఆగిపోయిన చోట సన్నటి నారింజ గీత కనిపిస్తుంది. మట్టిలో ఉన్న ఇనుము బట్టీ వేడికి అలా తేలుతుంది. ఆ అంచు మీద వేలు తిప్పితే ఏళ్ల తరబడి అల్మారాలో జరిగి జరిగి నున్నబడినట్టు ఉంటుంది.

నకిలీ చేసేవాళ్లు అక్కడ టీ డికాక్షనో గోధుమ రంగో పూస్తారు. తేడా ఎక్కడ తెలుస్తుందంటే, పూసిన రంగు చుట్టూ ఒకేలా పరుచుకుంటుంది. నిజమైన మురికి గీతల్లో, సొట్టల్లో, ఒక్కోచోట ఒక్కోలా చేరుతుంది. గిన్నె లోపల చెంచా గీతలు కూడా చూడండి. నిజంగా వాడిన గిన్నెలో అవి అన్ని దిక్కులా ఉంటాయి.

ఇక ఫోన్ కెమెరాతో బాగా దగ్గరగా ఫొటో తీసి జూమ్ చేయండి. రంగు చిన్న చిన్న చుక్కలుగా విడిపోతే అది ప్రింట్. కుంచెతో వేసినదైతే గీత ఒకచోట సన్నగా, ఒకచోట లావుగా ఉంటుంది, కుంచె ఆగిన చోట నీలం ముదురుతుంది. వంతెన, దాని మీద ముగ్గురు మనుషులు, పైన రెండు పక్షులు ఉన్న నీలం పళ్లాలు మన దగ్గర చాలా ఇళ్లలో ఉన్నాయి. అది చైనా కథలా కనిపిస్తుంది కానీ 18వ శతాబ్దం చివర ఇంగ్లండులో పుట్టిన డిజైను.

జగిత్యాల టీచరమ్మ

కప్పును వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే అడుగున ఆడమనిషి ముఖం కనిపించే టీ సెట్టు మా ఇంట్లో ఉంది. చైనాదని చాలా రోజులు అనుకున్నాం. అవి జపాన్ నుంచి వచ్చినవి, 20వ శతాబ్దానివి. ఊరగాయ మర్తబాన్‌లూ అంతే. సగం తెలుపు, సగం గోధుమ రంగు జాడీని మనం పింగాణీ అంటాం కానీ అది వేరే మట్టి, అసలు పింగాణీలోలా వెలుతురు అవతలికి రాదు.

ఓరుగల్లు 76

గిన్నె వెనక ఫోన్ లైటు పెడితే నా వేళ్ల నీడ పడుతోంది. జూమ్ చేస్తే చుక్కలు లేవు. అక్షరాల్లో కుడి వరుసలో మొదటిది చేతులు చాచి నిలబడ్డ మనిషిలా ఉంది. దాని కింద రెండు చిన్న నిచ్చెన ముక్కలు పక్కపక్కన పెట్టినట్టుంది.

మానేరు పింగాణీ

అన్నా, కుడి వరుస పైనుంచి కిందికి, తర్వాత ఎడమ వరుస చదవాలి. చేతులు చాచిన అక్షరానికి గొప్ప అని అర్థం. పక్కపక్కన ఉన్నవి సూర్యుడు, చంద్రుడు. రెండూ కలిస్తే మింగ్. అంటే మీ గిన్నె మీద మింగ్ వంశం పేరుంది, 1368 నుంచి 1644 దాకా వాళ్లది. కానీ ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు. గుర్తు ఉన్నంత మాత్రాన ఆ కాలపుది కాదు. పాత రాజుల మీద గౌరవంతో తర్వాతి కాలంవాళ్లు వాళ్ల పేర్లే వేసేవాళ్లు. మింగ్ తర్వాత వచ్చిన చింగ్ వంశపు కాంగ్షీ చక్రవర్తి కాలంలో, 1677లో, పింగాణీ రాజధాని జింగ్‌దెజెన్‌లో చక్రవర్తి పేరు సామాన్ల మీద వేయొద్దన్నారు. అప్పుడు చాలామంది 15వ శతాబ్దపు మింగ్ చక్రవర్తి చెంగ్‌హువా పేరు వేశారు. 19వ శతాబ్దంలోనూ ఆ అలవాటు పోలేదు. అందుకే గుర్తును చివర చదవాలి.

ఇంగ్లీషులో చైనా అని రాసి ఉంటే మాత్రం పని తేలిక. దిగుమతి సరుకు మీద దేశం పేరు ఉండాలని అమెరికా పట్టుబట్టడంతో 1891 నుంచి అలా రాయడం మొదలైంది. మేడ్ ఇన్ చైనా అన్నది ఇంకా తర్వాత.

కోట గోడ

అమెరికాలో ఒకాయన ఇంటిముందు పెట్టిన పాత సామాన్లలో 35 డాలర్లకు కొన్న గిన్నె 15వ శతాబ్దపు మింగ్‌ది అని తేలి, 2021లో న్యూయార్క్ వేలంలో 7 లక్షల డాలర్లు దాటింది. అది నిజమే. కానీ అది చదివి ఆశపడి, వాట్సాప్‌లో ఫొటో చూసి రేటు చెప్పేవాళ్లకు సామాను పంపకండి. పైగా మన దేశపు 1972 పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన ఇలాంటి కళాఖండాలను అనుమతి లేకుండా దేశం దాటించకూడదు.

కన్ను కుదరాలంటే సాలార్‌జంగ్ మ్యూజియంలో చైనా పింగాణీ గదుల్లో ఒక పూట గడపండి. సెలడాన్ అనే ఆకుపచ్చ గ్లేజు పళ్లాలూ చూడండి. విషం కలిపిన అన్నం పెడితే అవి పగిలిపోతాయని నవాబుల ఇళ్లలో నమ్మేవాళ్లట. నేను మూడుసార్లు వెళ్లాక గానీ నీలంలో నీలానికి తేడా తెలియలేదు.

ఓరుగల్లు 76

అందరికీ చాలా థ్యాంక్స్. ఇవాళ పగటి వెలుతురులో మళ్లీ చూశాను. నారింజ గీత ఉంది, చుట్టూ కాదు, అక్కడక్కడ. లోపల చెంచా గీతలు బోలెడు. వేలితో మీటితే టంగుమనలేదు, చప్పబడింది. వెతికితే అంచు నుంచి వెంట్రుకంత బీట. అక్షరాలు ఫొటోలతో పోల్చి చూస్తే చెంగ్‌హువా పేరే.

మానేరు పింగాణీ

మీ ఫొటోలు చూశాను. గీతలు తొందరగా వేసినవి, నీలం కాస్త ఊదా రంగులోకి దిగింది. నాకైతే 19వ శతాబ్దపు చైనా గిన్నెలా ఉంది. మింగ్ కాదు, కానీ చేత్తో వేసిన మంచి సామాను. బీట ఉంది కాబట్టి వేడివి పోయకండి, అతికించే ప్రయత్నం చేయకండి.

ఓరుగల్లు 76

పాత పంచెలో చుట్టి అల్మారాలో పెట్టాను. కొట్టాయనకు ఫోన్ చేస్తే, మట్టెవాడలో ఒక పాత ఇల్లు ఖాళీ చేసినప్పుడు వచ్చిన సామానన్నాడు, ఇంకో రెండు గోనె సంచులు విప్పలేదట. రేపు పొద్దున్నే వెళ్తున్నాను.