వదినకి గర్భసంచి తీసేయాలంటున్నారు, అన్నయ్య సంతకం పెట్టేశాడు. ఏం చేయమంటారు?

మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. మా వదినకి 33 ఏళ్లు, ఇద్దరు పిల్లలు. చిన్నోడు పుట్టినప్పుడే పిల్లల ఆపరేషన్ అయిపోయింది. కొన్నాళ్లుగా తెల్లబట్ట, నడుం నొప్పి, నెలసరిలో బ్లీడింగ్ ఎక్కువ. ఊళ్లో ఆర్‌ఎంపీ గారు ఒక నర్సింగ్ హోమ్‌కి పంపారు. అక్కడ స్కానింగ్ తీసి, "గర్భసంచి వాచింది, పుండు పడింది, వదిలేస్తే క్యాన్సర్‌లోకి దిగుతుంది" అన్నారు. అన్నయ్య హడలిపోయి అక్కడికక్కడే సంతకం పెట్టి అడ్వాన్స్ కట్టేశాడు. వదినని ఎవరూ ఒక్క మాట అడగలేదు. "పిల్లలు పుట్టేశారుగా, ఇంక అదెందుకు" అని అమ్మ కూడా అంటోంది. వచ్చే వారమే రమ్మన్నారు. ఆపమంటే ఏమవుతుందోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు (మలికిపురం నుంచి)

ముందు ఆ తేదీ వాయిదా వేయించమ్మా. ఇంకో డాక్టరుకి చూపించాక మాట్లాడుకోవచ్చు.

నాకు 31వ ఏట తీసేశారు. అప్పుడు కొబ్బరి పీచు మిల్లులో పనికి వెళ్లేదాన్ని. మీ వదినకి చెప్పినవే నాకూ చెప్పారు: పుండు, క్యాన్సర్, పిల్లలున్నారుగా. సంతకం మా ఆయన పెట్టారు. డబ్బుకి డ్వాక్రా లోను, చాలకపోతే నా గాజులు.

నెల తిరక్కుండానే ఒంట్లోంచి ఆవిర్లు మొదలయ్యాయి. సంక్రాంతి చలిలో కూడా అర్ధరాత్రి జాకెట్టు తడిసి ముద్దయ్యేది. నిద్ర లేదు. పిల్లలు గట్టిగా మాట్లాడితే ఏడుపొచ్చేది. మా ఆయన దగ్గరికొస్తే మంట, నొప్పి. ఆ సంగతి ఎవరితో చెప్పుకుంటాం? "ఆపరేషన్ అయ్యిందిగా, ఇంకా ఏమిటి నీ బాధ" అనేవారు ఇంట్లో. మిల్లు పని మానేశాను. నలభై దాటకముందే వాకిట్లో జారి చేయి ఆనించానంతే, మణికట్టు విరిగింది. అప్పుడు కాకినాడ పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ పాత కాగితాలన్నీ చూసి, "అండాశయాలు రెండూ తీసేశారు, మీకు తెలుసా?" అని అడిగింది. నాకు తెలియదు. డిశ్చార్జి కాగితంలో ఇంగ్లీషులో రాసే ఉందట. అవి తీసేస్తే ముట్లుడిగే వయసు ఒక్కసారిగా మీద పడుతుందని, ఎముకలు గుల్లబారతాయని, గుండెకీ మంచిది కాదని, ఆ వయసులో తీసినప్పుడు హార్మోన్ మందు గురించి మాట్లాడి ఉండాల్సిందని ఆవిడే చెప్పింది.

మా వీధిలో ఈ ఆపరేషన్ కాని ఇల్లు వెతుక్కోవాలి. అందుకే ఇది మామూలు సంగతి అనుకుంటారు అందరూ. మీ అమ్మగారినీ తప్పుపట్టకు, ఆవిడకీ ఎవరూ చెప్పి ఉండరు.

జవాబు (భీమవరం నుంచి)

అన్ని ఆపరేషన్లూ మోసం కాదండి. మా అమ్మకి పెద్ద గడ్డలు, రక్తం పోయి హిమోగ్లోబిన్ బాగా పడిపోయింది. 48వ ఏట తీయించాక కోలుకుంది.

జవాబు (స్టాఫ్ నర్సుని, అమలాపురం)

భీమవరం వారు చెప్పింది నిజమే, కొందరికి తీయక తప్పదు. కానీ తెల్లబట్టకి ముందు మందులు వాడి చూస్తారు. "పుండు" అని చెప్పేది చాలాసార్లు క్యాన్సర్ కాదు, అది తేల్చడానికి పాప్ స్మియర్ (గర్భసంచి మూతి నుంచి కణాలు తీసి చూసే పరీక్ష) ఉంది, అనుమానం ఉంటే బయాప్సీ (చిన్న ముక్క తీసి పరీక్షించడం) ఉంది. వాపు అని స్కానింగ్‌లో రాసినంత మాత్రాన తీసేయక్కర్లేదు. బ్లీడింగ్‌కి థైరాయిడ్, రక్తహీనత చూడాలి. ట్రానెక్సమిక్ యాసిడ్ మాత్రలున్నాయి, గర్భసంచిలో పెట్టే హార్మోన్ లూప్ ఉంది. ఇవన్నీ మీ వదినకి చెప్పారా?

సంతకం సంగతి మరీ ముఖ్యం. 2008లో సుప్రీంకోర్టు ముందుకి ఒక కేసు వచ్చింది. పరీక్ష కోసం మత్తిచ్చిన 44 ఏళ్ల ఆవిడకి, తల్లి చేత సంతకం పెట్టించుకుని గర్భసంచి, అండాశయాలు తీసేశారు. స్పృహలోకి వచ్చాక ఆవిడనే అడగొచ్చు కదా, ప్రాణాపాయం లేనప్పుడు ఇంకొకరి సంతకం చెల్లదు అంది కోర్టు. మీ అన్నయ్య సంతకమూ అంతే. 2023లో మళ్లీ అదే కోర్టు, అనవసరంగా గర్భసంచి తీయడాన్ని ఆపేందుకు కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయమని రాష్ట్రాలన్నిటికీ చెప్పింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.3 శాతం, మన రాష్ట్రంలో 8.7 శాతం. మన ఆడవాళ్ల గర్భసంచులే ఎక్కువ పాడవుతాయా? నాకు ఒళ్లు మండుతుంది.

అడిగినవారు

వదినకి అన్నీ చదివి వినిపించాను. "అండాశయాల సంగతి నాతో అనలేదు" అంది. ఆపరేషన్‌కి వెళ్లనని తనే అన్నయ్యతో చెప్పింది. అడ్వాన్స్ అడగడానికి అన్నయ్య వెళ్తున్నాడు. కాకినాడ వెళ్లి పాప్ స్మియర్ చేయిద్దామనుకుంటున్నాం. ఎప్పుడు వెళ్లాలి?

స్టాఫ్ నర్సు

నెలసరి లేని రోజుల్లో వెళ్లండి. స్కానింగ్ రిపోర్టు ఒరిజినల్ తీసుకెళ్లండి. నర్సింగ్ హోమ్‌లో ఉంటే ముందు అది తెచ్చుకోండి.