న్యూజెర్సీలో పిల్లల రక్షణ శాఖ నుంచి 'ఎస్టాబ్లిష్డ్' లెటర్ వచ్చింది, అప్పీలు ఎక్కడ వేయాలి?

సెప్టెంబర్ 9న మా ఆయన తొమ్మిదేళ్ల బాబుని ప్లాస్టిక్ స్కేలుతో తొడ మీద రెండు దెబ్బలు కొట్టారు. ఎర్రగా చార పడింది. మర్నాడు స్కూల్లో చూసి ఆ శాఖకి రిపోర్ట్ చేశారు. ఇక్కడ అనుమానం వచ్చిన ఎవరైనా రిపోర్ట్ చేయాల్సిందే, వాళ్లని ఏమీ అనడం లేదు. కొట్టడం తప్పే. ఆ తర్వాత ఇంట్లో ఎవరం చెయ్యి ఎత్తలేదు.

బాబు మాతోనే ఉన్నాడు, కోర్టులో కేసు వేయలేదు. కానీ నవంబర్ 6 తేదీతో 'ఎస్టాబ్లిష్డ్' అని, అంటే బాబుని హింసించినట్టు తేలిందని, లెటర్ వచ్చింది. దీనికి పైమెట్టు 'సబ్‌స్టాన్షియేటెడ్'. అదైతే 20 రోజుల్లో హియరింగ్ అడగొచ్చు. మా లెటర్‌లో మాత్రం 45 రోజుల్లో అప్పీలేట్ డివిజన్‌కి, అంటే అప్పీళ్లు వినే రాష్ట్ర కోర్టుకి, వెళ్లమని ఉంది. ఇప్పటికే 19 రోజులు పోయాయి.

కేస్‌వర్కర్‌కి రెండుసార్లు ఫోన్ చేస్తే లెటర్ చదువుకోమన్నారు. ఇద్దరు లాయర్లతో మాట్లాడాం. ఒకరు నేరుగా అప్పీలు వేయమన్నారు. ఇంకొకరు, సాక్ష్యం ఎవరూ విచారించలేదు కాబట్టి ముందు హియరింగ్ అడగమన్నారు. 2011లో ఈ రాష్ట్ర సుప్రీంకోర్టు, పదహారేళ్ల అమ్మాయిని గాయం కాకుండా చెంపదెబ్బ కొట్టడం 'మితిమీరిన శిక్ష' కాదంది. మా బాబు చిన్నవాడు, పైగా చార పడింది. అందుకే టెన్షన్‌గా ఉంది.

న్యూజెర్సీలో 'ఎస్టాబ్లిష్డ్' మీద అప్పీలు చేసినవాళ్లు ఉంటే చెప్పండి: మీరు ముందు హియరింగ్ అడిగారా, నేరుగా అప్పీలేట్ డివిజన్‌కే వెళ్లారా?