మైనస్ పది చలికి క్విల్టా, మమ్మీ బ్యాగా? కేదార్‌కంఠ వెళ్తున్నాం, తేల్చి చెప్పండి

చలిచీమ:
అందరికీ నమస్కారం. డిసెంబరు చివర్లో నేనూ మా ఆవిడా ఉత్తరాఖండ్‌లో కేదార్‌కంఠ శిఖరానికి ట్రెక్ వెళ్తున్నాం. ప్యాకేజీ కాదు. కొండ కింద ఊరు సాంక్రీలో ఒక లోకల్ గైడ్‌ని మాట్లాడుకున్నాం. టెంటు, పడక సామాను మాదే, మోసేదీ మేమే. మూడు రాత్రులు మంచు మీద పడుకోవాలి. పై క్యాంపు 11,000 అడుగులు దాటి ఉంటుంది, రాత్రి మైనస్ పది దాకా పడొచ్చని గైడ్ అన్నాడు.

పోయినేడాది ఒక ఏజెన్సీతో వేరే ట్రెక్‌కి వెళ్తే ఇచ్చిన స్లీపింగ్ బ్యాగుకి జిప్పు సగం దాకే పడింది. లోపల ముక్కిపోయిన వాసన. తెల్లారేదాకా టైమ్ చూసుకుంటూ కూర్చున్నాను. ఇక ఎవరి బ్యాగులోనూ దూరేది లేదని అప్పుడే అనుకున్నా.

రెండు సెట్లు చూసి పెట్టుకున్నాను. ఒకటి డౌన్, అంటే బాతు నూగు నింపిన క్విల్టు (850 ఫిల్, అంటే నూగు పొంగే కొలత), గాలి ఊదుకునే మ్యాటు. కలిపి 1.1 కిలో. క్విల్టు తెలియనివాళ్ళకి: జిప్పు ఉండదు, తలకి టోపీ ఉండదు, వీపు కింద బట్ట ఉండదు. రజాయిలా పైన కప్పుకుని పట్టీలతో మ్యాటుకి బిగించుకోవాలి. రెండోది డౌన్ మమ్మీ బ్యాగు (తల దాకా ఒంటిని చుట్టేసే జిప్పు స్లీపింగ్ బ్యాగు), ఫోమ్ మ్యాటు. 1.85 కిలో. ఇద్దరికీ కలిపి తేడా కిలోన్నర. మీరైతే ఏది కొంటారు?

గ్రాముల లెక్క:
క్విల్టే. ఆలోచించాల్సిన పనే లేదు. డౌన్ వెచ్చగా ఉండేది బాతు నూగు వల్ల కాదు, ఆ నూగు పొంగి పట్టి ఉంచే గాలి వల్ల. బ్యాగులో నీ వీపు కింద ఉన్న నూగంతా నీ బరువుకి నలిగి అప్పడం అయిపోతుంది. అది పనిచెయ్యదు. పనిచెయ్యని నూగుని డబ్బు పెట్టి కొని, పైగా కొండ మీదికి మోసుకెళ్ళడం ఎందుకు? నేను నాలుగేళ్ళుగా క్విల్టు తప్ప వాడలేదు.

డెన్వర్ దుప్పటి:
లెక్క బాగుంది అన్నా, కానీ నిద్రలో మనిషి లెక్కలు చూసుకోడు. నేనూ ఇదే వాదన నమ్మి క్విల్టు కొన్నాను. అక్టోబరులో ఇక్కడ కొలరాడోలో చెట్లు ఆగిపోయే ఎత్తున టెంటు వేశాను. నేను పక్కకి తిరిగి పడుకునే రకం. మోకాలు ముడిచిన ప్రతిసారీ వెనక అంచు లేచేది, సందులోంచి చల్లగాలి నడుము మీదికి వచ్చేది. ఐదుసార్లు లేచి సర్దుకున్నా. చివరికి రెయిన్ జాకెట్ నడుముకి చుట్టుకుని పడుకున్నా. మళ్ళీ సున్నా కంటే కింద క్విల్టు ముట్టలేదు. వేసవిలో మాత్రం అదే వాడతాను, దానికి మించింది లేదు.

గ్రాముల లెక్క:
పట్టీలు వదులుగా కట్టుంటారు, లేదా వెడల్పు చాలని క్విల్టు కొనుంటారు. భుజాలు వెడల్పున్నవాళ్ళు ఒక సైజు పెద్దది తీసుకోవాలి. ఇది క్విల్టు తప్పు కాదు.

డెన్వర్ దుప్పటి:
కట్టడం సరిగ్గా రాకపోతే పనిచెయ్యని వస్తువుని, మొదటిసారి మంచు మీద పడుకునే మనిషికి మైనస్ పదిలో వాడమంటున్నారు. నా అభ్యంతరం అదే.

కొండపల్లి బొమ్మ:
మీ ఇద్దరి గొడవలో వాళ్ళావిడ సంగతి ఎవరూ అడగలేదు! చలిచీమ గారూ, ఆ క్విల్టు మీద ఏ ఉష్ణోగ్రత రాసుంది, ఆ నంబరు ఎవరు వేశారు? స్లీపింగ్ బ్యాగులకి ఐఎస్ఓ 23537 అని ఒక ప్రమాణం ఉంది. వేడి పుట్టించే బొమ్మ మనిషికి లోదుస్తులు తొడిగి, మంచి మ్యాటు మీద పడుకోబెట్టి కొలుస్తారు. అందులో 'కంఫర్ట్' అంటే ఒక మామూలు ఆడమనిషి హాయిగా నిద్రపోయే ఉష్ణోగ్రత. 'లిమిట్' అంటే ఒక మామూలు మగమనిషి ముడుచుకుని పడుకుని ఎలాగోలా రాత్రి గడిపేది. రెండింటికీ ఐదారు డిగ్రీల తేడా ఉంటుంది. కంపెనీలు పెద్దక్షరాల్లో వేసేది ఎక్కువగా లిమిటే. ఇక 'ఎక్స్‌ట్రీమ్' అని మూడోది ఉంటుంది, దాని జోలికే పోవద్దు. అది నిద్ర లెక్క కాదు, ప్రాణం నిలుస్తుందా లేదా అన్న లెక్క.

క్విల్టులకి చాలామంది తయారీదారులు ఈ పరీక్ష చేయించరు, సొంత అంచనా వేసి రాస్తారు. అంచనా మంచిదే కావచ్చు. కానీ బ్యాగు మీది మైనస్ తొమ్మిది, క్విల్టు మీది మైనస్ తొమ్మిది ఒకటి కావు.

చలిచీమ:
చూశాను. క్విల్టు మీద మైనస్ 9 అని ఉంది, కింద ఎక్కడా ఐఎస్ఓ లేదు. బ్యాగు కంఫర్ట్ మైనస్ 5, లిమిట్ మైనస్ 11. మా ఆవిడకి హైదరాబాద్‌లో జనవరికే కాళ్ళు చల్లబడతాయి, సాక్సులు వేసుకుని పడుకుంటుంది. అంటే ఆ బ్యాగు కూడా తనకి చాలదా?

కొండపల్లి బొమ్మ:
ఉత్తదే అయితే మైనస్ పదికి చాలదు. వేసుకోడానికి డౌన్ జాకెట్ ఉంటే, బ్యాగు లోపల వేసే పల్చటి లైనర్ ఉంటే నడిచిపోవచ్చు. బ్యాగు బిగుతుగా ఉంటే మాత్రం లోపల జాకెట్ వేసుకున్నా లాభం లేదు, నూగు లోపలినుంచి నలిగిపోతుంది. ఒకసారి జాకెట్ వేసుకునే షాపులో దూరి చూడమనండి.

మన్యం బాట:
మాది పాడేరు వైపు. హిమాలయాలకి రెండే సార్లు వెళ్ళాను, కానీ చలిలో నేల మీద పడుకోవడం మాకు కొత్త కాదు. పైన ఏం కప్పుకోవాలని ఇంత వాదిస్తున్నారు, కింద ఏముందో చూసుకున్నారా? లంబసింగిలో ఒకే బ్యాగుతో రెండు రాత్రులు పడుకున్నా. మొదటి రాత్రి బజారులో దొరికే మామూలు గాలి పరుపు మీద. బొద్దుగా, మెత్తగా ఉంది, మూడింటికి వీపు మంచుగడ్డ. రెండో రాత్రి సన్నటి ఫోమ్ మ్యాటు మీద. గట్టిగా ఉంది, ఒళ్ళు నొప్పులు, కానీ నిద్ర పట్టింది. లోపల అరలేమీ లేని గాలి పరుపులో గాలి తిరుగుతూనే ఉంటుంది, ఒంటి వేడిని తీసుకెళ్ళి నేలకి ఇచ్చేస్తుంది.

మ్యాటుకి ఆర్-వాల్యూ అని ఒక నంబరు ఉంటుంది, ఎంత ఎక్కువైతే అంత వెచ్చన. మంచు మీదికి ఐదుకి తగ్గొద్దని నా మాట. మీరు చూసిన మ్యాట్లకి ఎంత?

చలిచీమ:
గాలి మ్యాటు 4.5, ఫోమ్ మ్యాటు 2.

మన్యం బాట:
అయితే మీ రెండో సెట్టే ఘోరం! మంచి బ్యాగు కొని రెండు నంబరు మ్యాటు వేసుకుని మంచు మీద పడుకుంటే ఏ బ్యాగూ కాపాడదు. ఆ బ్యాగు లేబులేమో మంచి మ్యాటు మీద కొలిచింది. ఆర్-వాల్యూలో మంచి సంగతేమిటంటే ఒకదాని మీద ఒకటి వేస్తే కలుస్తుంది. ఫోమ్ కింద, గాలి మ్యాటు పైన, మొత్తం 6.5. గాలి మ్యాటు పంక్చర్ అయినా కింద ఫోమ్ ఉంటుంది. ఫోమ్ బరువు నాలుగు వందల గ్రాములే. పగలు మంచు మీద కూర్చోడానికీ పనికొస్తుంది.

గ్రాముల లెక్క:
ఇది ఒప్పుకుంటాను. నేను 7 దాటిన గాలి మ్యాటు వాడతాను, అర కిలో లోపే ఉంటుంది, కానీ ధర చూస్తే కళ్ళు తిరుగుతాయి. క్విల్టు మనిషికి వీపు కాపాడేది మ్యాటొక్కటే. నేను మొదటే చెప్పాల్సింది.

డెన్వర్ దుప్పటి:
ఇంత సులువుగా ఒప్పుకుంటే చర్చ ఎలా సాగుతుంది :)

ఒక ప్రశ్న. ఆ 850 ఫిల్ కోసం ఎంత ఎక్కువ పెడుతున్నారు? నంబరంటే ఇరవై ఎనిమిది గ్రాముల నూగు ఎన్ని ఘనపు అంగుళాలు పొంగుతుందని. 850 రకం అర కిలో చేసే పనికి 650 రకం ఆరు వందల యాభై గ్రాములు పడుతుంది. తేడా నూట యాభై గ్రాములు, అంటే ముక్కాలు గ్లాసు నీళ్ళు. దానికోసం డబ్బులు గుమ్మరించే బదులు 650 బ్యాగే కంఫర్ట్ మైనస్ పదిది కొనండి.

గుంటూరు ఘాటు:
కొనే ముందు ట్రయల్ వెయ్యాలి గదా. మా ఊర్లో మిర్చి కోల్డ్ స్టోరేజీలు బోలెడు ఉన్నాయి, ఒక రాత్రి అందులో పడుకో బ్రదర్.

మన్యం బాట:
చలికి కాదు, ఘాటుకి తుమ్మి తుమ్మి చస్తాడు. లంబసింగి రమ్మనండి. డిసెంబరులో తెల్లవారుజామున సున్నా దగ్గరికి వస్తుంది. మైనస్ పది కాదు గానీ పట్టీలు కట్టడం, జిప్పు ఇరుక్కోవడం, రాత్రి బయటికి లేవడం, ఇవన్నీ అక్కడే తెలిసిపోతాయి.

పాత ఫౌజీ:
లద్దాఖ్‌లో ఉద్యోగం చేసి వచ్చాను, ఇప్పుడు శ్రీకాకుళంలో ఉంటున్నాను. మాకు ఇచ్చిన బ్యాగులు మీరు చూస్తే నవ్వుతారు, అంత బరువు. గ్రాముల గోల నాకు తెలియదు. నాకు తెలిసింది చెప్తాను తమ్ముడూ.

చల్లబడిన ఒంటితో బ్యాగులో దూరితే బ్యాగు వేడి చెయ్యదు, దానికి పొయ్యి లేదు. ఉన్న వేడిని పట్టి ఉంచుతుంది, అంతే. కాబట్టి పడుకునే ముందు టెంటు చుట్టూ పది నిమిషాలు నడువు. చెమట పట్టకూడదు. పల్లీ పట్టీ ఒకటి తిను. పగలు వేసుకున్న సాక్సులు, బనీను తీసేసి పొడివి వేసుకో, ఆ జత పడకకే ఉంచు. మరిగిన నీళ్ళు గట్టి ప్లాస్టిక్ సీసాలో పోసి, మూత రెండుసార్లు చూసి, సాక్సులో దూర్చి తొడల మధ్య పెట్టుకో. తెల్లారాక అవే తాగే నీళ్ళు. బయట పెట్టే సీసాలు తలకిందులుగా పెట్టు, గడ్డ పైనుంచి కడుతుంది, మూత దగ్గర నీళ్ళు మిగులుతాయి. ముక్కు బ్యాగులో పెట్టి ఊపిరి వదలొద్దు, ఆ తడంతా నూగులోకి పోతుంది. మూత్రం వస్తే ఆపుకోవద్దు, బద్ధకిస్తే రాత్రంతా నిద్ర ఉండదు.

ఇంకొకటి. దారిలో జుడా కా తాలాబ్ అని చెరువు ఉంది, అందరూ దాని ఒడ్డునే టెంటు వేద్దామంటారు, ఫొటో బాగుంటుందని. చల్లగాలి బరువుది, నీళ్ళలాగే పల్లానికి దిగుతుంది. గైడ్ ఒప్పుకుంటే చెట్ల మధ్య కాస్త మెరకన వేయించుకో. ఆ కాస్త ఎత్తుకే తేడా ఉంటుంది.

కొండపల్లి బొమ్మ:
బాబాయ్ గారి పోస్టు పైన పిన్ చెయ్యండి ఎవరైనా.

గ్రాముల లెక్క:
ఊపిరి తడి మాట నిజమే గానీ మూడు రాత్రులకి అది పెద్ద సమస్య కాదు. పది రోజుల యాత్రలో నూగులో మంచు పేరుకుని బ్యాగు బరువెక్కుతుంది. ఇక్కడ మధ్యాహ్నం గంటసేపు ఎండలో ఆరేస్తే చాలు. ఆ భయంతో సింథటిక్ బ్యాగు కొనమని ఎవరైనా చెప్తే వినొద్దు, ఆ చలికి సరిపడే సింథటిక్ అయితే రెండు కిలోలు దాటుతుంది.

ఇద్దరూ వెళ్తున్నారు కదా, డబుల్ క్విల్టు ఆలోచించారా? ఇద్దరి వేడీ కలుస్తుంది, బరువూ తగ్గుతుంది.

కొండపల్లి బొమ్మ:
మేం ప్రయత్నించాం. ఆయన తిరిగితే నాకు గాలి, నేను తిరిగితే ఆయనకి గాలి. మూడో రాత్రికి మాటల్లేవు.

చలిచీమ:
అందరికీ చాలా థ్యాంక్స్. మా ఆవిడకి చదివి వినిపించాను. డబుల్ క్విల్టు దగ్గర నవ్వి "వద్దు" అంది.

ఇలా అనుకుంటున్నాం. తనకి 650 ఫిల్ మమ్మీ బ్యాగు, కంఫర్ట్ మైనస్ పదిది. నాకు ఆ క్విల్టు. నేను వెల్లకిలా పడుకుంటాను, కదలను, అది నా నమ్మకం. దాని మీద డౌన్ జాకెట్ కప్పుకుంటాను, టోపీ లేదు కాబట్టి ఉన్ని మంకీ క్యాప్. ఇద్దరికీ గాలి మ్యాటు కింద ఫోమ్. అన్నీ కలిపితే నేను మొదట రాసిన బరువైన సెట్టు కంటే తగ్గేదేమీ లేదు. అంటే కిలోన్నర మిగుల్చుకుందామని మొదలుపెట్టి ఇక్కడికి వచ్చాం. కెమెరా పెద్ద లెన్సు ఇంట్లో పెడితే బరువు తగ్గుతుందని ఆవిడ లెక్క చెప్పింది, దాని మీద చర్చ వేరే నడుస్తోంది.

డెన్వర్ దుప్పటి:
వెల్లకిలా పడుకుని కదలనని ఎవరు చెప్పారు? మీరా, మీ ఆవిడా?

చలిచీమ:
అడిగాను. గానుగెద్దులా తిరుగుతానట. మన్యం బాట గారూ, ఈ నెల మూడో శనివారం లంబసింగి వస్తే టెంటు వేసుకోడానికి చోటు చూపిస్తారా? క్విల్టు ఒక స్నేహితుడి దగ్గర అరువు తెస్తున్నాను, అప్పటిదాకా కొనను.

మన్యం బాట:
రండి. చోటు నాది, టీ నాది. ఫోమ్ మ్యాట్లు మర్చిపోకండి.