హిందీ నటుడు బల్‌రాజ్ సాహ్నీని మీరు మొదట ఏ సినిమాలో చూశారు?

పాతరీలు: నిన్న రాత్రి నాన్నతో కూర్చుని ‘దో బీఘా జమీన్’ (1953) చూశాను. పొలం విడిపించుకోడానికి కలకత్తా వెళ్లి రిక్షా లాగే శంభు అచ్చం రైతే అనుకున్నా. తీరా చదివితే ఆ వేషం వేసిన బల్‌రాజ్ లాహోర్‌లో ఇంగ్లీషు ఎం.ఏ. చేసి, శాంతినికేతన్‌లో పాఠాలు చెప్పి, యుద్ధం రోజుల్లో లండన్ బీబీసీలో హిందీ అనౌన్సర్‌గా పనిచేశారట! మీ అనుభవాలు రాయండి.

వీధినాటకం: మా తాతగారు ప్రజానాట్యమండలి బుర్రకథలో వంత పాడేవారు, ఇప్టా (బల్‌రాజ్ కూడా పనిచేసిన దేశవ్యాప్త ప్రజా నాటక సంఘం) వాళ్లంటే సొంత మనుషుల్లా చెప్పేవారు, అందుకే బల్‌రాజ్ పేరు చిన్నప్పటి నుంచీ తెలుసు. కమ్యూనిస్టు అని జైల్లో పెడితే అక్కడి నుంచే ‘హల్‌చల్’ షూటింగ్‌కి వచ్చి వెళ్లేవారు, అందులో ఆయన వేషం జైలరు! శంభు పాత్రకోసం రిక్షా లాగడం నేర్చుకున్నారు. షూటింగ్ దగ్గర ఒక బీహారీ రిక్షావాలా, తన రెండు బీఘాల పొలమూ జమీందారు తాకట్టులోనే ఉందని చెప్పాడట. ఇక నటన సంగతి పక్కనపెట్టి, ఇతని కథ చెప్పడమే నా పని అనుకున్నానని బల్‌రాజ్ తన ఆత్మకథలో రాసుకున్నారు. నాకు ఆయన మీద గౌరవం అక్కడే పెరిగింది.

మెహదీపట్నం అమ్మాయి: మా ఇంట్లో మాత్రం ‘వక్త్’ (1965). ‘ఐ మేరీ జోహ్రా జబీ’ రాగానే అమ్మ వంటింట్లోంచి వచ్చేస్తుంది. గొంతు గాయకుడు మన్నా డేదని ఎన్నిసార్లు చెప్పినా, ఆ మొహం చూస్తే ఆయనే పాడుతున్నట్టుంటుంది అంటుంది.

ఉప్పుగాలి: ‘గర్మ్ హవా’ చూడని వాళ్లు తప్పకుండా చూడండి. విభజన తర్వాత ఆగ్రాలోనే ఉండిపోవాలనుకునే చెప్పుల వ్యాపారి సలీం మీర్జాగా బల్‌రాజ్ వేశారు. భార్యగా వేసిన షౌకత్ ఆజ్మీ మన హైదరాబాదులో పెరిగినావిడే. కూతురు చనిపోయిన సీనులో ఆయన గట్టిగా ఏడవరు, అలా చూస్తూ నిలబడిపోతారు, అంతే. అంతకు కొద్దికాలం ముందే ఆయన సొంత కూతురు పోయింది. ఆ సంగతి తెలిశాక నేను ఆ సీను మళ్లీ చూడలేకపోయాను. డబ్బింగ్ ముగించిన మర్నాడే, 1973 ఏప్రిల్ 13న, ఆయనా పోయారు. రిలీజ్ చూసుకోలేదు.

పాతరీలు: ఈ ఆదివారం నాన్నతో అదే చూస్తాం.

ఉప్పుగాలి: చూడండి. ఆ సీను వచ్చేముందు నాన్నగారికి ఒక మాట చెప్పి ఉంచండి.