ఆదివారం వీధి మూసేస్తే బేరాలు నిలబెట్టుకునేదెలా?

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని బరంపురం. బజారులో చిన్న పట్టుచీరల కొట్టు ఉంది.

ఠాకురాణి జాతర సంగతి వేరు. రెండేళ్లకోసారి వస్తుంది, ఊరంతా ముందే సర్దుకుంటుంది, అమ్మవారి దయవల్ల మాకూ నాలుగు చీరలు ఎక్కువే పోతాయి. ఇబ్బందల్లా ఈమధ్య మొదలైన ఆదివారం వీధి కార్యక్రమాలతోనే. సాయంత్రం నాలుగింటికే రెండు చివర్లా బారికేడ్లు పెట్టేస్తారు. పాటలు, చాట్ బండ్లు, బెలూన్లు. జనం బోలెడు, కొట్టు మెట్లెక్కేవాళ్లు మాత్రం లేరు.

పెళ్లి బేరాలు మాకు ఇచ్ఛాపురం, సోంపేట వైపు నుంచి కార్లలో వస్తాయి. మొన్న ఒక పెద్దావిడ బండి ఆపే చోటు దొరక్క, మోకాళ్ల నొప్పులతో అంత దూరం నడవలేక, "ఇంకోసారి వస్తాంలే బాబూ" అని ఫోన్ చేసి వెళ్లిపోయారు. ఇంకోసారి అంటే ఏమిటో వ్యాపారం చేసేవాళ్లకు తెలుసు.

కార్యక్రమం వద్దనడం లేదు. హైదరాబాద్ ట్యాంక్‌బండ్ మీద కూడా 2021లో ఆదివారం సాయంత్రాలు బండ్లు ఆపారు. కానీ అక్కడ ఒక పక్కంతా హుస్సేన్‌సాగరే, మాలా కొట్ల వరస కాదు. మాకు పొద్దున్నే పెట్టుకుంటే ఏ పేచీ లేదు, అప్పటికి షట్టర్లే తెరవం.

మీ ఊళ్లో ఇలాంటి చోట పార్కింగ్ ఎక్కడ ఇప్పించారు? దగ్గర్లోని స్కూల్ గ్రౌండ్ అడగొచ్చా? ముసలివాళ్ల కోసం బారికేడ్ దగ్గర్నుంచి ఆటో వదులుతారా? అర్జీ మున్సిపాలిటీకి పెట్టాలా, ట్రాఫిక్ పోలీసులకా? పెళ్లిళ్ల సీజన్ దగ్గర పడుతోంది, టెన్షన్‌గా ఉంది. అనుభవం ఉన్నవాళ్లు కాస్త చెప్పండి.