నెలకు 5,000లో నలుగురికి సరైన తిండి: ఎక్కడ తగ్గించాలె, ఎక్కడ తగ్గించొద్దు?

మిర్యాలగూడ_అద్దిల్లు అడిగారు:

ఇంట్ల నలుగురం, అందుల ఇద్దరు బడిపిల్లలు. రేషన్ సన్న బియ్యం మనిషికి 6 కిలోలు వస్తున్నయి. గ్యాస్ పక్కకు పెడితే కిరాణం, కూరగాయలు, పాలు అన్నీ కలిపి నెలకు 5,000 దాటొద్దు. ఇప్పుడైతే 20వ తారీఖుకే చేతులెత్తేస్తున్నం, ఆఖరు పది రోజులు చారన్నం, తొక్కన్నమే. పప్పు తగ్గించుకుంటే సరిపోతదా, లేకపోతే కొనే తీరే మార్చాలా? ఇంకోటి, బోరు నీళ్లల్ల కందిపప్పు ఎంతసేపు పెట్టినా పలుకుగనే ఉంటున్నది. సోడా వేయొచ్చా?

పాలమూరు_లెక్కలు:

పప్పు జోలికి పోకండి. ముందు బియ్యం లెక్క చూడండి. తార్నాకల ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024ల ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 2,000 క్యాలరీల తిండికి రోజుకు ధాన్యం 250 గ్రాములు, పప్పులు-గుడ్లు-మాంసం కలిపి 85 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు, నూనె 27 గ్రాములు. అంటే మనిషికి నెలకు ధాన్యం ఏడున్నర కిలోలు. ఆరు కిలోలు రేషన్లనే వస్తున్నయి. మిగిలిన కిలోన్నరకు జొన్నలు కొంటే ధాన్యం పని అయిపోయింది. కూలి, పొలం పని చేసేటోళ్లుంటే వాళ్లకు ఇంకో రెండు మూడు కిలోలు కలుపుకోవాలె. చానా ఇండ్లల్ల రేషన్ బియ్యం ఉండంగనే ఇంకో 25 కిలోల బస్తా దించుతరు. వెయ్యి పైన అక్కడనే పోతది, కంచంల మాత్రం అన్నం కుప్ప పెరిగి కూర చారెడు అయితది.

నా లెక్క ఇది. రేట్లు అటుఇటుగా వేసిన, మీ దుకాణంల చూసి సరిచేసుకోండి. కందిపప్పు 3 కిలోలు; పెసర్లు, శనగలు, బొబ్బర్లు, ఉలవలు తలా ఒక కిలో, అన్నీ కలిపి 740. మీల్ మేకర్ అరకిలో 80. పల్లీలు 2 కిలోలు 280. గుడ్లు రెండు ట్రేలు, అంటే 60, వాటికి 400. పాలు రోజుకు అరలీటరు, 900. నూనె మూడున్నర లీటర్లు 550. జొన్నలు 6 కిలోలు 270. కూరగాయలు రోజుకు 40 చొప్పున 1,200. ఉప్పు, కారం, చింతపండు, పోపు సామాను 400. మొత్తం 4,820. మిగిలిన 180 చాయ్‌పత్తికి, చక్కెరకు. చాయ్ రోజుకు మూడు సార్లు తాగే ఇల్లైతే ఈ లెక్క అక్కడనే తప్పుతది, ముందే చెప్తున్న.

మీల్ మేకర్‌ను చిన్నచూపు చూడకండి. వంద గ్రాములకు 50 గ్రాముల పైనే ప్రోటీన్ ఉంటది, కందిపప్పుల 22. ఉప్పు నీళ్లల్ల ఐదు నిమిషాలు మరిగించి, చల్లనీళ్లల్ల వేసి గట్టిగ పిండాలె, ఇట్ల రెండుసార్లు. ఒక్కసారితో ఆపితే పచ్చివాసన పోదు, పిల్లలు ముట్టరు.

నూనె సీసాలకెల్లి నేరుగ పోస్తే లెక్క ఉండదు. పొద్దున్నే 115 మిల్లీలీటర్లు, అంటే చిన్న చాయ్ గ్లాసెడు, పక్కకు తీసి పెట్టండి. ఆ రోజు వంటలన్నీ అందులనే. అప్పడాలు వేయించిన రోజు గ్లాసు పొద్దుగాలనే ఖాళీ అయితది, అప్పుడు తెలుస్తది ఎక్కడ కారుతున్నదో.

దేవరకొండ_వంటిల్లు:

పప్పు సంగతి నేను చెప్తాను. సోడా వద్దు. మెత్తబడేమాట నిజమే కానీ బీ1 విటమిన్ దెబ్బతింటుంది, రుచి కూడా సబ్బులా అవుతుంది. తప్పు నీళ్లది. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువగా ఉంటే అవి పప్పులోని పెక్టిన్‌ను, అంటే గింజను గట్టిగా పట్టి ఉంచే జిగురు పదార్థాన్ని, పట్టుకుని గట్టిపరుస్తాయి, ఎన్ని సీటీలు వచ్చినా పలుకు పోదు. వంటకు, నానబెట్టడానికి మిషన్ భగీరథ నల్లా నీళ్లే వాడండి. నల్లగొండ వైపు ఇంకో కారణం కూడా ఉంది: ఫ్లోరైడ్ ఉన్న నీళ్లలో వండితే పప్పు, బియ్యం ఆ నీళ్లతో పాటు ఫ్లోరైడ్‌నూ పీల్చుకుంటాయి. తాగే నీళ్లు ఒకటి, వండే నీళ్లు ఒకటి అని విడదీస్తే లాభం లేదు.

150 గ్రాముల కందిపప్పు అరగంట నానబెట్టి, మూడింతల నీళ్లు, కొంచెం పసుపు వేసి కుక్కర్లో నాలుగు సీటీలు. పుంటికూర, చింతపండు, టమాట ఏదైనా పప్పు పూర్తిగా ఉడికాకే. పులుపు ముందు పడితే పప్పు బిగుసుకుంటుంది, పుంటికూర పప్పు పలుకుగా రావడానికి సగం కారణం ఇదే. ఇవన్నీ చేసినా ఉడకకపోతే అది ఏడాది దాటిన పాత పప్పు, దుకాణం మార్చండి.

ఉలవలు రాత్రంతా నానబెట్టి ఏడెనిమిది సీటీలు. ఉడికిన నీళ్లు పారబోయకండి, అదే ఉలవచారు. గింజలు పోపు వేసి గుగ్గిళ్లు చేస్తే సాయంత్రం పిల్లల చిరుతిండి ఖర్చు తప్పుతుంది.

మిర్యాలగూడ_అద్దిల్లు:

బస్తా సంగతి మా ఇంటిదే చెప్పినట్టున్నది 🙏 రోజుకు 40లో కూరగాయలు ఎట్ల? మళ్లా జొన్నరొట్టె చేయబోతే అంచులన్నీ పగుల్తయి.

అంగడి_సంచి:

40లో నలుగురికి 400 గ్రాముల చొప్పున రోజూ రావు, ఉన్నమాట. దగ్గరికి రావాలంటే సగం ఆకుకూర ఉండాలె. వారం అంగడికి పొద్దుగూకే ముందల పోండి, తిరిగి మోసుకపోవుడెందుకని ఆకుకూర కట్టలు సగానికి ఇస్తరు. ఇంటికి రాంగనే వేర్లు కోసి, కడగకుండ పలుచటి తడిబట్టల చుట్టి పెడితే రెండు రోజులు నిలుస్తది. కడిగి పెడితే తెల్లారేసరికి కుళ్లుతది. ముల్లంగి ఆకు, క్యాలీఫ్లవర్ లేత ఆకు పారేయకండి, శనగపప్పుతోని కూర అయితది. మునగాకు పైసలు పెట్టి కొనేదే కాదు.

వానకాలంల గంగవాయిలికూర చెల్కలల్ల ఊరికెనే దొరుకుతది. కానీ పత్తి చేన్లకెల్లి తెంపకండి. గడ్డిమందు, పురుగుమందు కొట్టిన చేను చూస్తే తెలువదు, మందు కడిగినా పూర్తిగ పోదు. తెలిసినోళ్ల మందు కొట్టని చెల్కల్నే తెంపాలె.

ఆకుకూరల ఇనుము ఒంటికి పట్టాలంటే అన్నంల నిమ్మకాయ పిండుకోండి, తిన్న గంట దాకా చాయ్ వద్దు.

ఇగ రొట్టె. జొన్నపిండిల గోధుమ లెక్క సాగే జిగురు ఉండదు. మసులుతున్న నీళ్లు పడితేనే పిండి ఉడికి అంటుకుంటది. గ్లాసు పిండికి ముప్పావు గ్లాసు మసిలే నీళ్లు, చిటికెడు ఉప్పు. గంటెతోని కలిపి మూతపెట్టి, చెయ్యి ఓర్చుకునేంత వేడి ఉన్నప్పుడే ఐదు నిమిషాలు బాగా పిసకాలె. చల్లారినంక పిసికితే పగులుడు ఖాయం. ఒక్కసారే అంతా కలపకండి, రెండు రొట్టెలకు సరిపోను కలిపి, అవి అయినంక మళ్లా. పెంక మీద వేయంగనే పైన తడిబట్టతోని తుడిచి, తడి ఆరినంక తిప్పాలె.

ఇవన్నీ చేసినా పగిలితే పిండి పాతది. గిర్నిల ఒకసారికి రెండు కిలోలకు మించి పట్టించకండి, పదిహేను రోజులు దాటితే రొట్టె సాగదు. ఆ పాతపిండిని అంబలికి వాడండి: గ్లాసు నీళ్లకు రెండు చెంచాలు, ముందు చల్లనీళ్లల్ల కలిపి తర్వాత మసిలే నీళ్లల్ల పోసి పది నిమిషాలు తిప్పాలె. పొడి పిండి నేరుగ వేస్తే ఉండలు కడతది. చల్లారినంక సల్ల, ఉప్పు, సన్నగ కోసిన ఉల్లిగడ్డ.