నొప్పి వైద్య సదస్సుకు అబ్‌స్ట్రాక్ట్, వర్క్‌షాప్ ప్రతిపాదన: రెండూ పంపవచ్చా?

ప్రశ్న: అలిపిరి వైద్యుడు, తిరుపతి

పెద్దలందరికీ నమస్కారం. నేను తిరుపతిలో అనస్థీషియా విభాగంలో సీనియర్ రెసిడెంట్‌గా పనిచేస్తూ పెయిన్ క్లినిక్ కూడా చూస్తున్నాను. మా ఓపీకి వచ్చేవారిలో మోకాళ్లు అరిగిపోయిన వారే ఎక్కువ. ఆపరేషన్‌కు ఒప్పుకోని వారికీ, గుండె జబ్బు వంటి కారణాల వల్ల దానికి తగని వారికీ మేము అల్ట్రాసౌండ్ సాయంతో జెనిక్యులర్ నరాలకు (మోకాలి నొప్పిని మోసే చిన్న నరాలకు) రేడియోఫ్రీక్వెన్సీ చికిత్స (సూది మొన వేడితో నరాన్ని పనిచేయకుండా చేయడం) చేస్తున్నాము. ఆ కేస్‌షీట్ల ఆధారంగా రాబోయే సదస్సుకు ఒక అబ్‌స్ట్రాక్ట్ (పరిశోధన సారాంశం) పంపాలనీ, అదే ప్రక్రియ మీద వర్క్‌షాప్ ప్రతిపాదన కూడా పెట్టాలనీ అనుకుంటున్నాను. చికిత్సలు ఎలాగూ పూర్తయ్యాయి కనుక ఎథిక్స్ కమిటీ అనుమతి, సీటీఆర్‌ఐలో (దేశంలోని క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో) నమోదు అవసరమా? మరొక చిక్కు కూడా ఉంది. మా రోగుల్లో చాలామంది నొప్పిని అంకెల్లో చెప్పరు, "రూపాయికి ముప్పావలా తగ్గింది సార్" అంటారు. కొన్ని కేస్‌షీట్లలో అదే రాసి ఉంది. దాన్ని పదికి ఎంత అని లెక్కగట్టి పట్టికలో వేయవచ్చా?

జవాబు: విశ్రాంత ఆచార్యుడు, చిత్తూరు

డాక్టర్ గారూ, అనుమతి అవసరమా కాదా అన్నది తేల్చవలసింది ఎథిక్స్ కమిటీయే కానీ పరిశోధకుడు కాదు. పాత రికార్డుల పరిశీలనకు, రోగుల వివరాలు బయటపడకుండా ఉన్నప్పుడు, సమ్మతి పత్రం నుంచి మినహాయింపు ఇచ్చే వీలు ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల్లో ఉంది. కానీ ఆ మినహాయింపును కూడా కమిటీకి దరఖాస్తు పెట్టి, లేఖ రూపంలో తీసుకోవాలి. ఆ లేఖ సంఖ్య లేని అబ్‌స్ట్రాక్ట్‌ను నేను సమీక్షకుడిగా కూర్చున్నప్పుడు పక్కన పెట్టేవాణ్ణి. ఇక సీటీఆర్‌ఐ విషయానికి వస్తే, 2018 ఏప్రిల్ 1 నుంచి అక్కడ క్లినికల్ ట్రయల్‌ను మొదటి రోగి చేరకముందే నమోదు చేయాలి. మీది ట్రయల్ కాదు, జరిగిపోయిన చికిత్సల పరిశీలన కనుక ఆ చిక్కు లేదు. ఆ మాటను శీర్షికలోనే స్పష్టంగా చెప్పండి.

రూపాయి లెక్క దగ్గర మాత్రం జాగ్రత్త అవసరం. పదికి ఎంత అని అడిగినప్పుడు రోగి ఇప్పటి నొప్పిని చెబుతాడు. ముప్పావలా తగ్గిందన్నప్పుడు మొదట ఎంత ఉండేదో గుర్తు చేసుకుని, దానితో పోల్చి చెబుతాడు. చికిత్సకు ముందు ఎనిమిది అన్న మనిషి, సగం తగ్గిందంటూనే ఇప్పుడు ఎంత అంటే అయిదు అనవచ్చు, అందులో వింతేమీ లేదు. కాబట్టి ఒకదాన్ని మరొకదానిలోకి మార్చకండి. అంకె ఉన్న వారి ఫలితాన్ని అంకెగానే ఇచ్చి, రూపాయి లెక్కను "రోగి చెప్పిన ఉపశమనం" అన్న వేరే వరుసలో చూపండి. 2001లో ఫారర్ బృందం ప్రచురించిన విశ్లేషణ ప్రకారం సున్నా నుంచి పది దాకా ఉండే నొప్పి కొలమానంలో సుమారు రెండు పాయింట్లు, లేదా ముప్పై శాతం తగ్గితే రోగికి అది చెప్పుకోదగ్గ తేడా. మీ రోగుల్లో ఎందరు ఆ గీత దాటారో చెప్పండి. సగటు తగ్గుదల ఒక్కటే రాస్తే ఆ సంగతి తెలియదు.

అన్నిటికన్నా ముఖ్యంగా మీ ప్రశ్న ఏమిటో తేల్చుకోండి. ఈ చికిత్స మోకాలి నొప్పిని తగ్గిస్తుందని కొరియా వైద్యులు రోగులను లాటరీ పద్ధతిలో గుంపులుగా విడదీసి చేసిన పరీక్ష 2011లోనే చూపింది. అదే మళ్లీ చెబితే సమీక్షకుడికి ఆసక్తి ఉండదు.

జవాబు: ఫిజియోథెరపిస్టు, చిత్తూరు

ఆచార్యుల వారు అడిగిన ప్రశ్న మీ ఓపీలోనే దొరుకుతుందని నా అభిప్రాయం. కీళ్ల అరుగుదల ఉన్నవారిని అడిగే వోమాక్ ప్రశ్నావళిలో మెట్లెక్కడం, దిగడం ఉన్నాయి కానీ గొంతుక్కూర్చోవడం, బాసింపట్టు వేసుకోవడం లేవు. పుంగనూరు, పలమనేరు నుంచి వచ్చే వారు మొదట అడిగేవి అవే. ఆ తరువాత ప్రశ్న, సుమారు 3,550 మెట్లున్న అలిపిరి దారిలో కొండకు నడిచి వెళ్లవచ్చా అని. మీ కేస్‌షీట్లలో నేల మీద కూర్చోగలుగుతున్నారో లేదో రాసి ఉంటే అదే కొత్త విషయం. ఇంకో మాట, మళ్లీ రాని వారిని బాగుపడ్డ వారి లెక్కలో వేయకండి. మా వైపు చాలామంది నొప్పి తిరగబెడితే మళ్లీ మన దగ్గరకు రారు, నేరుగా వేలూరు ఆసుపత్రికి బస్సెక్కుతారు.

జవాబు: పెయిన్ ఫిజీషియన్, తిరుపతి

వర్క్‌షాప్ గురించి ఎవరూ రాయలేదు కనుక నేను రాస్తున్నాను. రెండూ పంపవచ్చు, కానీ ఒకే రాతను రెండుచోట్ల అతికించకూడదు. అబ్‌స్ట్రాక్ట్‌లో మీకు ఏం తెలిసిందో చెబుతారు, ప్రతిపాదనలో గది విడిచి వెళ్లేటప్పటికి వచ్చినవారి చేతులకు ఏం వస్తుందో చెప్పాలి. "జెనిక్యులర్ నరాలపై అవగాహన కల్పించడం" అని రాస్తే ఎంపిక కమిటీకి ఏమీ అర్థం కాదు. "తొడ ఎముక లోపలి వైపు, కాండం వెడల్పయ్యే చోట ప్రోబ్‌ను నిలువుగా పెట్టి, డాప్లర్‌తో చిన్న ధమనిని గుర్తించి, దాని పక్కన ఎముకను తాకేలా సూది మొనను చేర్చగలగడం" అని రాస్తే అర్థమవుతుంది. మోకాలి చుట్టూ మూడు చోట్లే ఎందుకు చేస్తాము, కింది బయటి వైపు ఎందుకు వదిలేస్తామన్నది, అంటే కామన్ పెరోనియల్ నరం దగ్గరగా ఉంటుందన్నది, తప్పక చెప్పండి. ఎనభై డిగ్రీలు, తొంభై సెకన్ల వంటి అంకెలకు ఒక్క స్లైడ్ చాలు.

స్వచ్ఛందంగా వచ్చిన వారి మోకాలి మీద స్కానింగ్ మాత్రమే చేయించండి, సూది గుచ్చడం ఫాంటమ్ (శరీరాన్ని పోలిన నమూనా) మీదే నేర్పండి. ఒక్కో యంత్రం దగ్గర ఎందరు నిలబడతారో, వారికి ఎవరు నేర్పుతారో రాయండి. యంత్రాలు ఏదైనా కంపెనీ ఇస్తుంటే ఆ సంగతిని దాచకండి. భోజనం తరువాతి సమయం ఇస్తే అప్పుడు ఉపన్యాసం పెట్టుకోకండి, పులిహోర తిన్నవారిని మేలుకొలపడం ఎవరి తరమూ కాదు.

ప్రశ్న వేసినవారు

అందరికీ ధన్యవాదాలు. నేల మీద కూర్చోవడం గురించి మా కేస్‌షీట్లలో చాలా వరకు రాసి ఉంది, కానీ అందరికీ ఒకే సమయంలో అడిగింది కాదు. కొందరిని నెలకు, కొందరిని మూడు నెలలకు అడిగాము. అప్పుడేం చేయాలి?

జవాబు: విశ్రాంత ఆచార్యుడు, చిత్తూరు

రెంటినీ కలపకండి. మూడు నెలల వద్ద వివరాలున్న వారినే ప్రధాన ఫలితంగా తీసుకుని, మిగిలిన వారు ఎందరో, వారి వివరాలు ఎందుకు లేవో ఒక వాక్యంలో చెప్పండి. సంఖ్య తగ్గుతుందని వెనకాడకండి. కమిటీకి పెట్టే దరఖాస్తులో కూడా ఇదే ప్రణాళిక రాసి, సదస్సు గడువు కన్నా ముందు కమిటీ సమావేశం ఎప్పుడో సభ్య కార్యదర్శి గారిని రేపే అడిగి తెలుసుకోండి.